ఇంటిగోడకు ముదురెఱుపు



మొన్నటి సంక్రాంతికి మా మనుమడు హైదరాబాదునుండి యింటికి వచ్చినాడు. తాను క్రొత్తగా కొన్న యింటిలో ముందుగదికి ఒక గోడ ముదురెఱుపు వేయింపదలచి, రంగుల దుకాణమువారిచ్చిన అట్టముక్కల కట్టను నా ముందు విప్పినాడు. అందులో ఎఱుపే ముప్పది తీరుల నున్నది. “తాతయ్యా, వీటిలో ఏది బాగుంటుంది?” అని యడిగెను. నేను కండ్లద్దములు సవరించుకొని యొకదానిపై వ్రేలు పెట్టితిని. వాడు దానిని వెలుతురుకు త్రిప్పి చూచి, “ఇది మన భోషాణం వెనుక గోడ రంగే కదా!” అనెను.

వాడన్నది నిజమే. మా యింటి నడవలో మా ముత్తాతలనాటి భోషాణ మొకటి కలదు. దానిని కదల్పవలెనన్న ఆఱుగురు మనుష్యులు కావలెను. దాని వెనుక జానెడు సందులో గోడ ముదురెఱుపుగా నున్నది. తక్కిన గోడ యెల్ల తెలుపే. ఆ ఎఱుపు అచ్చట మాత్రమే యేల మిగిలినదో చెప్పవలెనన్న నా తెలివితక్కువ యొకటి బయట పెట్టుకొనవలసి యుండును. దానిని తరువాత విన్నవింతును. ముందు మనుజుడు తన యింటిలోపలికి ఈ ముదురెఱుపును ఎట్లు తెచ్చుకొనెనో, అందుల కెవ్వరేమి వెల యిచ్చిరో ఈ పూట ముచ్చటింతును. చరిత్రయనగా రాజులును యుద్ధములునే యని మనము బడిలో చదువుకొంటిమి. నేనును ముప్పదియేండ్లకు పైగా పిల్లలచేత అదే వల్లె వేయించితిని. కాని గోడలకును చరిత్ర కలదు. అందులోను దొరలు, దొంగలు, బానిసలు ఉన్నారు.

ఎఱుపనగా ఒకటే యని తలపరాదు. నేల యిచ్చు ఎఱుపులు ముఖ్యముగా మూడు. మొదటిది జేగురు. సంస్కృతమున దీనినే గైరికమందురు. తెలంగాణమున జాజు అందురు. కావి యను మాటయు దీని చుట్టమే. ఇది ఇనుము ప్రాణవాయువుతో కలసి యేర్పడిన మన్ను. వానకు తడిసిన మేకు త్రుప్పుపట్టినప్పుడు మనము చూచునదియు ఈ జాతిదే. రెండవది ఇంగిలీకము, అనగా హింగుళము. ఇది పాదరసమును గంధకమును కూడిన రాయి. నూఱినకొలది నిప్పువలె మెఱయును. మూడవది సిందూరము. ఇది సీసమును కాల్చి చేయునది. అమరసింహుడు దీనిని నాగసంభవమనెను. అచ్చట నాగమనగా పాము గాదు, సీసము. ఈ శ్లోకమునకు అర్థము చెప్పుమన్న ప్రతియేడును తరగతిలో ఒక పిల్లవాడైనను పామునుండి సిందూరము పుట్టినదని వ్రాసెడివాడు. వానిని కోపపడి లాభము లేదు. పెద్దలే సిందూరమును ఇంగిలీకమును ఒకదానికొకటి పేరు మాఱ్చి పిలుచుచు వచ్చిరి. రోమనులును ఇదే పని చేసిరి. వారు ‘మినియము’ అను పేరును మొదట ఇంగిలీకమునకు పెట్టిరి. తరువాతి కాలమున ఆ పేరు సీసపు సిందూరమునకు పోయినది. ఆ మినియముతో పుస్తకములలో ఎఱ్ఱ అక్షరములు దిద్దుటను బట్టియే ‘మినియేచరు’ అను చిత్రముల పేరు పుట్టినది. చిన్నది యను అర్థము దానికి తరువాత అంటుకొన్నది.

ఈ మూటిలో జేగురే పెద్దది. మధ్యప్రదేశమున భీంబేట్కా కొండచఱియల క్రిందను, మన కడపజిల్లాలోని చింతకుంట రాళ్లమీదను ఆదిమానవులు వ్రాసిన యెఱ్ఱని జంతువులు నేటికిని నిలిచియున్నవి. అవి కొండలయింటి గోడలే యనుకొనిన తప్పులేదు. కట్టిన యింటికి ఎఱుపు వేయుట చూడవలెనన్న టర్కీదేశమున చాతల్ హొయుక్ అను దిబ్బకు పోవలెను. 1961లో అచ్చట త్రవ్వకములు మొదలిడిరి. రమారమి 9000 సంవత్సరముల క్రింద అచ్చటివారు పచ్చియిటుకలతో ఒకదాని నొకటి ఆనుకొని యిండ్లు కట్టుకొని, తమ చచ్చినవారిని ఆ యింటి నేలక్రిందనే పూడ్చుకొని బ్రదికిరి. లోపలిగోడలు తెల్లమట్టితో పూసి, కొన్నింటికి ఎఱ్ఱమన్ను పట్టించిరి. ఆ గోడలను కోసి చూచిన పూతమీద పూతగా పదులకొలది పొరలు కనబడుచున్నవి. ఏటేట గోడ మెత్తు మన యాడువారి పని అచ్చటను ఆనాడే యున్నదన్నమాట.

మన కవులును దీని నెఱుగుదురు. కాళిదాసుని మేఘసందేశమున ప్రవాసియైన యక్షుడు తన ప్రియురాలి రూపమును శిలమీద వ్రాయునది ధాతురాగముతోనే. వానివద్ద పసిడి లేదు, కుంచెల పెట్టె లేదు. కొండమీద ఉన్నది జేగురు. అజంతా గుహలలో గోడల కెక్కిన యెఱుపులకును ఈ జేగురే మూలము.

జేగురులో లేతయు ముదురును ఎట్లు కలుగుననిన, అది అణువుల పరిమాణమును బట్టి యుండును. మిక్కిలి మెత్తనైన జేగురు నారింజచాయకు తిరుగును. ముతకయైనది, లేక బాగుగా కాలినది, ముదిరి ముదిరి నేరేడుపండు చాయ కెక్కును. పసుపుపచ్చని మట్టిని కాల్చినను అందలి నీరు పోయి ఎఱ్ఱమన్నగును. ఇది కుమ్మరి యెఱిగిన రహస్యమే. పచ్చికుండ గోధుమవన్నెగా ఆములోనికి పోయి ఎఱ్ఱగా వచ్చును. గాలి యాడనీయక పొగపెట్టిన అదే కుండ నల్లనగును. పచ్చమట్టి కాలి యెఱ్ఱనగునన్న మాటను గుర్తుంచుకొనుడు, మఱల దీనితో పని పడును.

ఇక రోమునగరమునకు పోదము. ఇంటిలోపల ముదురెఱుపు నింతగా వలచినవారు మఱి లేరు. అచ్చటి కలవారి యిండ్లు మన మండువా లోగిళ్లకు దూరపు చుట్టములు. నడుమ ఆకాశము కనబడు ముంగిలి, చుట్టు స్తంభముల చావడి, దాని కానుకొని గదులు. గదులకు కిటికీలు తక్కువ. రాత్రి నూనెదీపమే గతి. నూనెదీపపు వెలుతురులో ఎఱుపుపా లెక్కువ. నీలపుగోడ ఆ వెలుతురున మసిబారినట్లుండును. ఎఱ్ఱనిగోడ నిప్పుసెగ తగిలినట్లు ప్రాణము పోసికొనును. రోమనుల మోజునకు ఇదియు నొక కారణమని నా యూహ. పగటిపూట విద్యుద్దీపము క్రింద రంగు నెంచుకొను నేటివారికి ఈ సంగతి తట్టదు.

అగస్టసు చక్రవర్తి కాలమున విట్రూవియసను వాస్తుశాస్త్రవేత్త పది భాగముల గ్రంథము వ్రాసెను. అందు ఏడవ భాగమంతయు గోడపూతలు, రంగులు. గరుకుపూతమీద ఇసుకసున్నము మూడు పొరలు, దానిమీద పాలరాతిపొడి సున్నము మూడు పొరలు వేయవలెనని యాతడు విధించెను. పూత తడియాఱకముందే రంగు వేసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును త్రాగి మఱల రాయి యగుచు, రంగును తనలో పట్టుకొనును. అది పైపూత గాదు, గోడలో భాగమే యగును. ఈ పనికి మట్టిరంగులు తగును. ఇంగిలీకము తగదు.

ఇచ్చటనే మన కథానాయకుడు ప్రవేశించుచున్నాడు. అతని పేరు ఫేబెరియసు. వృత్తి లేఖకము, అనగా పెద్ద కచేరీలో గుమాస్తా. గుమాస్తాయైనను ధనము చేసెను. రోములోని అవెంటైను కొండమీది తన యింటిని చూచి లోకము ముక్కుమీద వ్రేలు వేసికొనవలెనని, మండువా చుట్టునున్న గోడలన్నింటికిని ఇంగిలీకమే పూయించెను. ముప్పది దినములు తిరుగునంతలో ఆ గోడలు మచ్చలు మచ్చలుగా నల్లబడి చూడరానివైనవి. అతడు మఱల గుత్తకు మాటాడుకొని వేఱు రంగులు వేయించుకొనవలసి వచ్చెను. విట్రూవియసు ఈ కథ చెప్పి, ఇంగిలీకము మూసిన గదులలో నిలుచునుగాని ఎండవెన్నెలలు సోకుచోట చెడునని హెచ్చరించెను. అట్టిచోట వేయక తప్పదన్నవారు, గోడ యాఱిన పిమ్మట నూనె కలిపిన మైనము కఱిగించి పూసి, నిప్పుకుంపటి దగ్గఱపెట్టి చెమటపట్టునట్లు కాచి, గుడ్డలతో తోమవలెను. ఎంత పనియో చూడుడు! ఈ నల్లబడుట యెందువలన కలుగునో నేటి శాస్త్రజ్ఞులును పరీక్షించి చూచిరి. వెలుతురును, క్లోరిను కల లవణములును అందుకు తోడ్పడునని చెప్పుచున్నారు.

ఆ నల్లబడిన గోడకు ఫేబెరియసు ఎంత ధారపోసెనో తెలియవలెనన్న ప్లినీ యను మఱియొక పెద్దమనిషిని అడుగవలెను. ఆయన ప్రకృతిచరిత్రమను మహాగ్రంథము వ్రాసి, క్రీస్తుశకము 79లో వెసూవియసు అగ్నిపర్వతము పగిలినప్పుడు అచ్చటనే మరణించెను. ఇంగిలీకపు ధర నిలువ లేక పెరుగుచుండుటచే, పౌను 70 సెస్టర్సులకు మించరాదని రోమను చట్టము కట్టడి చేసెనని ఆయన వ్రాసినాడు. వారి పౌను మన లెక్కకు 330 గ్రాములకు కొంచెము తక్కువ. అగస్టసు కాలమున పటాలపు సిపాయికి ఏడాది జీతము 900 సెస్టర్సులు, అనగా నెలకు 75. యుద్ధభూమిలో ప్రాణమొడ్డిన వాని నెలజీతము ఫేబెరియసు గోడమీద రమారమి ఒక్క దోసెడు రంగు. అందుచేతనే ఇట్టి ఖరీదు రంగులను చిత్రకారుడు కొనడు, ఇంటి యజమానుడే కొనియిచ్చును. మన నీలిమందును రోమనులు ‘ఇండికము’ అని దేశము పేరిట పిలిచిరి. అదియు ఆ ఖరీదు వర్గములోనిదే. యజమానుని సొమ్ము పనివాని చేతిలో పడిన తరువాత జరుగవలసినదే జరిగినది. చిత్రకారుడు కుంచెను నిండుగా ముంచి, మాటిమాటికి నీళ్లలో కడుగును. బరువైన ఇంగిలీకము కుండ యడుగునకు దిగును. సాయంకాలము నీరు వంచివేసిన అడుగున మిగిలినది వానిది. ప్లినీ ఈ దొంగతనమును కన్నులార చూచినట్లు వ్రాసినాడు. మా తాతగారు నెయ్యి కాచునప్పుడు వంటగది గుమ్మమున కుర్చీ వేసికొని కూర్చుండెడివారు. యజమానులకు ఈ శంక రోమునుండి మా యూరివఱకు ఒక్కటే.

ఈ రాయి వచ్చినది స్పెయినుదేశపు సిసాపో గనులనుండి. నేటి ఆల్మదేన్ ప్రాంతమది. త్రవ్విన రాతిని అచ్చట శుద్ధిచేయనీయక ముద్రవేసి రోమునకు పంపెడివారు. ఏటికి రెండువేల పౌనుల వఱకు వచ్చెడిదట. రోములో దానిని నూఱు కార్మికులు ముఖమునకు జంతువుల తిత్తులు వదులుగా కట్టుకొనెడివారు. లోపలికి ధూళి పోరాదు, కంటికి దారి కనబడవలెను. పాదరసపు రాతిపొడి ప్రాణములు తీయునని ఆనాడే యెఱుగుదురన్నమాట. ఎఱిగియు మానలేదు. ఆ గనులే తరువాతి కాలమున పాదరసము కొఱకు నడచినవి. పదునాఱవ శతాబ్దమునుండి అచ్చటికి ఖైదీలను శిక్షగా పంపిరి. వారి దుర్దశను విచారించుటకు 1593లో స్పెయిను ప్రభుత్వము మాతేవో ఆలెమాన్ అను అధికారిని పంపవలసి వచ్చినది. ఆయన తరువాత గొప్ప నవలాకారుడుగా ప్రసిద్ధికెక్కెను. 2012లో ఐక్యరాజ్యసమితివారు ఆల్మదేన్ గనిని ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించిరి.

79లో ఆ కొండ పగిలినప్పుడు పాంపేయి నగరము బూడిదలో మునిగినది. 1748లో త్రవ్వుట మొదలిడగా, రంగుచెడని గోడలు వెలికివచ్చి యూరపును వెఱ్ఱెక్కించినవి. ‘పాంపేయి యెఱుపు’ అను పేరు పుట్టినది. లండనులో సర్ జాన్ సోను అను వాస్తుశిల్పి తన పుస్తకాలగదికిని భోజనాలగదికిని ఆ ముదురెఱుపే వేయించుకొనెను. ఆయన 1837లో మరణించినను ఆ యిల్లు ప్రదర్శనశాలగా నేటికిని అట్లే యున్నది. చిత్రపటములు ఎఱ్ఱనిగోడమీద బాగుగా తేలునని పెద్దపెద్ద చిత్రశాలలును దానినే యనుసరించినవి. పాంపేయిలో ‘రహస్యముల భవనము’ అను నొక యిల్లు 1909లో బయటపడినది. అందొక గది గోడలన్నియు ఎఱుపే. ఆ యెఱుపు ముందు నిలువెత్తు మనుష్యులు ఏదియో వ్రతము చేయుచున్నట్లు వ్రాయబడియున్నారు. అది నిజమైన యింగిలీకము. మూసిన గది, పైన బూడిద. విట్రూవియసు మాట అక్షరాల నిలిచినది.

కాని అందఱి యెఱుపును అట్టిది గాదు. 2011లో ఇటలీ శాస్త్రజ్ఞు లొక విడ్డూరము బయట పెట్టిరి. పాంపేయిలో ఎఱ్ఱగా కనబడు గోడలలో కొన్ని మొదట పసుపుపచ్చనివట! కొండనుండి వచ్చిన వేడివాయువు తగిలి గోడలోని పచ్చమట్టి కాలి జేగురైనది. ఇందాక కుమ్మరి యామును గుర్తుంచుకొమ్మన్నది ఇందులకే. లండనులోని దొరలు, జర్మనీలోని రాజులు రోమనుల అభిరుచి యని వలచి తమ గదులకు పూసికొన్న యెఱుపులో కొంత రోమనులది గాదు, అగ్నిపర్వతమునిది.

మన యిండ్ల మాటకు వత్తము. మన పెద్దలు గోడ మొత్తమునకు ముదురెఱుపు పూయుట తక్కువ. నేలనుండి మోకాలెత్తో నడుమెత్తో జేగురు పట్టె, దానిపైన సున్నపు తెలుపు. అరుగునకు జాజు, అంచున తెల్లని ముగ్గు. ఇది సౌందర్యమే గాక లెక్కయు గలది. ముదురెఱుపు వెలుతురును మ్రింగును. మండువాలో పడు వెలుతురు నడిమింటిలోనికి పోవలెనన్న గోడ పైభాగము తెల్లగా నుండవలెను. క్రిందిభాగమునకు వీపులు తగులును, కాళ్ల బురద చిందును, పిల్లలు చేతులు తుడుచుదురు. ఆ మరకలను జేగురు కడుపులో పెట్టుకొనును. కొంకణదేశమునను గోవాలోను ఈ రెండు రంగులనే తలక్రిందులు చేసి, తెల్లసున్నముమీద ఎఱ్ఱని కావి పూసి, తడిగా నుండగనే పైపొరను గీకి తీగెలు పూవులు తేల్చిన గుడిగోడలు కలవు. ఆ కళపేరు కూడ కావియే. ఎక్కడి కొంకణము, ఎక్కడి మన కావిపంచె!

మా యమ్మ ఏటేట సంక్రాంతికి ముందు నడవగోడకు జేగురు తానే వేసెడిది. కొండమన్ను తెచ్చి దంచి, కుండనీళ్లలో కలిపి, ఇసుక యడుగునకు దిగువఱకు ఆగి, పైని ఎఱ్ఱనీరు మఱియొక కుండలోనికి వంచెడిది. అట్లు రెండుమార్లు. దానిని తేఱనిచ్చిన అడుగున వెన్నవంటి ముద్ద మిగులును. అందులో తుమ్మజిగురు నానిన నీరు కలిపి పాతగుడ్డతో గోడకు పట్టించెడిది. సున్నము మాత్రము కలుపనిచ్చెడిది కాదు. సున్నము కలిసిన జేగురు పాలిపోయి గులాబి యగును. ఆమె అక్షరము లెఱుగదు. విట్రూవియసు పేరు వినలేదు.

1987లో మా చెల్లెలి పెండ్లి. నాకప్పుడు ఉద్యోగమై రెండేండ్లు. పెండ్లివారు పట్టణపువారు. ఇంటిలో మట్టిరంగు చూచిన నవ్వుదురని నాకొక శంక కలిగినది. బజారుకు పోయి, మెఱయుచున్న ఎఱ్ఱరంగు పొట్లములు కొని తెచ్చితిని. జేగురును గోకించి, క్రొత్తగా సున్నము పూయించి, ఆ సున్నము ఆఱకముందే ఈ రంగు వేయించితిని. భోషాణమును కదపుటకు మనుష్యులు చాలక దాని వెనుక వదలివేసితిమి. పెండ్లినాడు నడవ మంకెనపూవువలె నుండెను. వియ్యంకులు మెచ్చిరి. నేను పొంగితిని. మా యమ్మ మాత్రము వంటయింటి గడపమీదనుండి చూచి, “నాయనా, మట్టిగోడకు మట్టే పట్టుతుంది. పొట్లంలో రంగుకు మన గోడ ఏం తెలుసు?” అన్నది. మూడుమాసములలో ఆ యెఱుపు తెల్లపోయి, ఉతికిన గుడ్డవలె మచ్చలు తేలినది. సున్నపు క్షారమునకు నిలువని రంగు అది. నా కప్పటికి ఫేబెరియసు కథ తెలియదు. ఉద్యోగ విరమణానంతరము ఆ కథ చదివినప్పుడు, రెండువేల యేండ్ల నాటి ఆ గుమాస్తా నా భుజముమీద చేయి వేసినట్లయినది. వానికి ముప్పది దినములు, నాకు మూడు మాసములు.

మఱుసటి సంక్రాంతికి మా యమ్మ జేగురు తీయలేదు. ఆమెకు చేతులలో బలము తగ్గినది. సున్నము కొట్టించి ఊరకుంటిమి. ఆ తెలుపే నేటివఱకు నడచుచున్నది.

పెద్దలు తమ యిండ్లలో చూచుకొనవలసిన దొకటి చెప్పెదను. పాతయిండ్ల తలుపులకును, ద్వారబంధములకును, కొన్నిచోట్ల గోడలకును నూనెరంగు వేసినది కలదు. ముదురెఱుపుగా నున్నంతమాత్రమున అది జేగురనుకొనరాదు. పూర్వము నూనెరంగులలో సీసము తఱుచుగా కలిపిరి. సీసపు ధూళి పసిపిల్లల మెదడునకు కీడు. మన దేశమున 2016లో చేసిన నియమములను బట్టి, 2017 నవంబరు 1వ తేదినుండి ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. అంతకు ముందు వేసిన నూనెరంగును మరమ్మతునకై పొడిగా గోకించుట, ఉప్పుకాగితముతో రుద్దించుట మంచిది గాదు. తడిపి తీయవలెను. పిల్లలను ఆవలికి పంపవలెను. గోకుడుపొట్టును పశువులదొడ్డిలో పోయరాదు. నడవగోడ జేగురునకు ఈ భయము లేదు. మా చెల్లెలు పసితనమున ఆ గోడను గోకి నోట పెట్టుకొని, మూతి యంతయు ఎఱ్ఱగా చేసికొని దెబ్బలు తినినది. ఆమెకు నేడు మనుమలు.

నేటి కర్మాగారములలో ఈ ఇనుపయెఱుపును కృత్రిమముగా చేయుచున్నారు. సిమెంటులో కలిపి నునుపుచేసిన యెఱ్ఱగచ్చునేలలు మన తాతలనాటి యిండ్లలో నెన్నో కలవు. సిమెంటు క్షారమును తట్టుకొనుటచేతనే అవి నేటికిని వన్నె చెడలేదు. ఆంగ్ల చిత్రకారులు ముదురు ఇనుపయెఱుపునకు ‘ఇండియన్ రెడ్’ అని పేరుపెట్టిరి. మా మనుమని అట్టముక్కల కట్టలో నా పేరు గలది లేదు. అన్నియు ద్రాక్షసారాయము, మాణిక్యము, అగ్నిజ్వాల వంటి పేర్లే.

వాడు చివరకు ఏ రంగు కొనెనో నే నడుగలేదు. పండుగ వెళ్లిన మఱునాడు మాత్రము నలుగురు మిత్రులను వెంటబెట్టుకొని వచ్చి, ఇంటివా రిద్దఱు తోడుపట్టగా, ఆ భోషాణమును మూరెడు ముందుకు జరిపించెను. సాలెగూళ్లు దులిపినంతట ఎఱుపు కనబడినది. నిలువు రెండు మూరలు, అడ్డము నాలుగు. ఒక మూల మా యమ్మ గుడ్డ త్రిప్పిన వంపులు, నాలుగువ్రేళ్ల గుఱుతులు అచ్చుపడియున్నవి. వాడు తడిచేతితో ముట్టిచూచెను. వ్రేలికి ఎఱుపంటినది. దానిని తుడుచుకొనకయే ప్రయాణమై పోయెను. భోషాణమును మఱల వెనుకకు నెట్టించుటకు మనుష్యులు దొరకలేదు. అది యిప్పటికిని నడవ నడుమనే యున్నది.